ఇన్‌ఛార్జిగా చేరండి, ఇన్‌ఛార్జిగానే రిటైరవండి

లైబ్రేరియన్ కావాలంటే చదవాలి. లైబ్రరీ ఇన్‌ఛార్జి కావాలంటే తాళం చెవి దగ్గరుంటే చాలు. ఈ తేడా చెప్పేవాళ్లు లేకే హైదరాబాద్ శివారులోని మన నాదర్‌గుల్ పిల్లలు డిగ్రీ అయ్యాక లైబ్రరీ అసిస్టెంటుగా చేరుతున్నారు. పదేళ్లు గడిచినా స్టాంపులు కొడుతూ, బార్‌కోడ్లు అంటిస్తూ అదే స్టూలు మీద ఉండిపోతున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాళ్లకు తెలివి లేక కాదు, దాన్ని ఎక్కడ వాడాలో తెలియక.

ముందు మెట్లెలా ఉన్నాయో చూడండి. కాలేజీ లైబ్రేరియన్ పోస్టుకు యూజీసీ నిబంధన ప్రకారం లైబ్రరీ సైన్సులో పీజీ ఉండాలి, అందులో 55 శాతం మార్కులు రావాలి, ఆపైన నెట్ పాసవ్వాలి. జిల్లా గ్రంథాలయ సంస్థ కింద శాఖా గ్రంథాలయంలో చేరాలన్నా లైబ్రరీ సైన్సు సర్టిఫికెట్ అడుగుతారు, పైగా నోటిఫికేషన్ పడేదాకా ఆగాలి. ఇన్‌ఛార్జికి ఇవేవీ అక్కర్లేదు. ఆర్డర్లో ‘తాత్కాలికంగా’ అన్న ఒక్క మాట ఉంటే చాలు. తాత్కాలిక ఏర్పాటుకు ముగింపు తేదీ రాసే అలవాటు మన ఆఫీసుల్లో లేదు. కాబట్టి శాశ్వత ఉద్యోగం కంటే అదే గట్టిది.

ఊరు కూడా మీకు కలిసొచ్చింది. పొలాలు, ఎయిర్‌స్ట్రిప్ ఉన్న నాదర్‌గుల్ ఇప్పుడు బడంగ్‌పేటతో కలిసి పట్నమైపోయింది. ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు, పెద్ద స్కూళ్లు, అటు ఆదిభట్లలో ఐటీ, విమాన విడిభాగాల కంపెనీలు. కాలేజీ ఉన్నచోట లైబ్రరీ ఉండి తీరాలి, తనిఖీకి వచ్చేవాళ్లు అడుగుతారు. లైబ్రరీ ఉన్నచోట దాన్ని తెరిచే మనిషి ఉండాలి. ఆ మనిషి మీరే అవ్వండి. ఎలాగో వరుసగా చెబుతాను.

1. మొదటి నెల పొద్దున్నే రండి.

ఒక్క నెల చాలు. అటెండర్ కంటే ముందే గుమ్మం దగ్గర నిలబడండి. రెండో వారంలో ప్రేమగా చెప్పండి: “అన్నా, నువ్వెందుకే రోజూ పొద్దుగాల ఉరుకుడు? చెవి నాకియ్యి, నేను తెరుస్త.” అతను సంతోషంగా ఇచ్చేస్తాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో డూప్లికేట్ చేయించి జేబులో వేసుకోండి. అసలుది ఎక్కడో జారిపోయిందని ఒక కాగితం రాసివ్వండి. ఇక మీరు సెలవు పెడితే లైబ్రరీ కూడా సెలవు పెడుతుంది. రెండుసార్లు అలా జరిగితే చాలు, ప్రిన్సిపాల్ గదిలో “లైబ్రరీ ఎవరు చూస్తున్నారు?” అంటే అందరి నోటా మీ పేరే వస్తుంది.

2. లైబ్రేరియన్ మేడంను గౌరవంగా సాగనంపండి.

ఆమెతో గొడవ పడకండి. గొడవ పడితే మనిషి పంతం పట్టి ఉండిపోతుంది. రోజుకోసారి పొగడండి: “మేడం, మీ చదువుకు ఇది చోటు కాదు మేడం. మీరు యూనివర్సిటీలో ఉండాల్సినోళ్లు.” పీహెచ్‌డీ నోటిఫికేషన్ పేపర్లో పడితే కత్తిరించి బల్ల మీద పెట్టండి. కొత్త పుస్తకాలకు నంబర్లు వేసే పని ఆమెకే వదిలేసి, సంతకాలు, బిల్లులు, సప్లయర్లతో మాటలు మాత్రం మీ వైపు లాక్కోండి. ఏడాదిన్నరలో ఆమె మంచి ఉద్యోగం చూసుకుని వెళ్తుంది. వీడ్కోలు సభలో మీరే శాలువా కప్పండి.

తర్వాత అసలు పని. ఆ పోస్టు ప్రకటన పేపర్లో పడకూడదు. మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్లి జీతాల లెక్క చెప్పండి: నెట్ పాసైన మనిషికి యూజీసీ స్కేలు ఇవ్వాలి, మీకు ఇప్పుడిస్తున్నదానికి ఇంకో మూడు వేలు కలిపితే చాలు. “కొత్త మనిషి దొరికేదాకా నేను చూసుకుంటా సార్” అనండి. ఆ ‘దొరికేదాకా’ మీ సర్వీసంతా సాగుతుంది.

3. ‘చదువుతున్నాను’ అనండి, చదవకండి.

అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్సు డిగ్రీ ఉద్యోగం చేసుకుంటూ చదవచ్చు. అదే ప్రమాదం. అది పాసైతే “ఇప్పుడు క్వాలిఫైడ్ కదా, కేటలాగు చెయ్యి” అంటారు. ఫీజు కట్టండి, రసీదు దాచండి, పరీక్ష రోజు జ్వరం తెచ్చుకోండి. బయోడేటాలో ‘పర్స్యూయింగ్’ అని రాయండి. పాసైనవాడి కంటే చదువుతున్నవాడి మీదే అందరికీ జాలీ ఆశా ఉంటాయి.

4. పుస్తకాల వరుస మీ బుర్రలో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు.

ఉద్యోగ భద్రతకు ఇంతకు మించిన మార్గం లేదు కాబట్టి ఈ చిట్కా దగ్గర కాస్త ఆగుదాం. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన పుస్తకాలకు దశాంశ సంఖ్యలు వేసే పద్ధతి పెట్టాడు. తెలుగు సాహిత్యానికి అందులో 894.827. ఈ నంబరు వెన్నుపట్టీ మీద ఉంటే ఏం జరుగుతుందో ఆలోచించండి. కాలేజీలో నిన్న చేరిన పిల్ల కూడా నేరుగా ర్యాకు దగ్గరికి నడిచి వెళ్లి పుస్తకం తీసుకుంటుంది. మధ్యలో మీరెందుకు? ఒక పద్ధతి ఎంత బాగుంటే మనిషి అవసరం అంత తగ్గుతుంది. మేడం పన్నెండేళ్లు కూర్చుని వేసిన నంబర్లు ఆ లెక్కన మీ జీతానికి పెట్టిన ఎసరు.

లేబుళ్లు ఒక్కరోజులో పీకకండి, అనుమానం వస్తుంది. వేసవి సెలవుల్లో ‘దుమ్ము దులపడం’ అని నోటీసు పెట్టి, పుస్తకాలన్నీ కిందికి దించి, మళ్లీ సైజు ప్రకారం సర్దండి. పొడుగువి పైన, పొట్టివి కింద. కంటికి ముచ్చటగా ఉంటుంది, ఛైర్మన్‌గారు చూసి మెచ్చుకుంటారు. రెండో వేసవిలో సప్లయర్ల వారీగా మార్చండి. మూడో వేసవి నాటికి ఏ పుస్తకం ఎక్కడుందో భూమ్మీద ఒక్క మీకే తెలుస్తుంది. “సార్ లేకపోతే పుస్తకం దొరకదు” అన్న మాట స్టాఫ్ రూములో వినబడిన రోజు మీ ఉద్యోగం ఖాయమైందని లెక్కవేసుకోండి.

5. రంగనాథన్ గారి ఐదు సూత్రాలను సొంతం చేసుకోండి.

ఇంటర్వ్యూలో అయినా తనిఖీలో అయినా వీటిని అడగకుండా ఉండరు. ఎస్.ఆర్.రంగనాథన్ గణితం మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా చేరారు. చేరిన కొత్తలో పని లేక, మాట్లాడే మనిషి లేక, మళ్లీ పాఠాలు చెప్పుకుంటానని వెనక్కి వచ్చేయబోయారని చెబుతారు. అంత చక్కటి ఉద్యోగాన్ని పట్టుకుని అలాగే కూర్చోవలసింది. ఆయన లండన్ వెళ్లి చదువుకుని వచ్చారు. దాంతో ఈ వృత్తిలో అందరికీ పని పెరిగింది. 1931లో ఐదు సూత్రాల పుస్తకం వచ్చింది, 1933లో కోలన్ వర్గీకరణ వచ్చింది. సరే, వచ్చినవాటిని మనకు అనువుగా మలుచుకుందాం.

పుస్తకాలున్నది వాడకానికి అంటుంది మొదటి సూత్రం. వాడండి. ఊగే బల్ల కాలి కింద పాత ఇయర్‌బుక్ సరిగ్గా సరిపోతుంది. కిటికీ రెక్క కొట్టుకోకుండా రెండు బైండు వాల్యూములు చాలు.

ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం ఉండాలంటుంది రెండోది. ‘అతని’ అన్నచోట గట్టిగా నిలబడండి. ఎవరి పుస్తకం వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుని ఇక్కడ చదువుకోవచ్చని బోర్డు రాయించండి.

ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడంటుంది మూడోది. నిజమే, కొత్త నవలకు తగిన పాఠకురాలు మీ ఇంట్లోనే ఉంది. వారపత్రిక వచ్చిన రోజే ఇంటికి పంపండి. పజిల్ నింపేశాక, వంటల పేజీ కత్తిరించాక తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టండి.

నాలుగోది నాకు ప్రాణం: పాఠకుడి సమయం మిగల్చాలి. ఒక కుర్రాడు కౌంటర్ దగ్గరికి వస్తాడు. “సార్, థర్మోడైనమిక్స్...” అని నోరు తెరుస్తాడు. “లేదు” అనేయండి. కేటలాగు వెతకడం, ర్యాకు దగ్గరికి నడవడం, దొరక్కపోతే రిజర్వు చేయించుకోవడం, ఇవన్నీ కలిపి ఆ పిల్లవాడికి అరగంట పోయేది. మీరు అరక్షణంలో తేల్చారు. పుస్తకం పేరు పూర్తిగా చెప్పనిస్తే మీకింకా సాధన చాలలేదన్నమాట.

లైబ్రరీ పెరిగే ప్రాణి అంటుంది ఐదోది. పెరిగే ప్రాణికి చోటు కావాలి. రీడింగ్ హాలులో మూడో వంతు అడ్డుగోడ కట్టించి మీ క్యాబిన్ చేసుకోండి. వచ్చే ఏడాది ఏసీ, ఆపై ఏడాది సోఫా. పెరుగుదల కంటికి కనబడాలి.

6. ‘లేదు’కు కారణం అడిగేవాళ్లకు సిద్ధంగా ఉండండి.

కారణాలను వారం వారం మార్చండి. ‘బైండింగ్‌కు పోయింది’ ఏ కాలంలోనైనా చెల్లుతుంది. ‘అది రిఫరెన్స్ కాపీ’ అంటే మర్యాదగా ఉంటుంది. ‘హెచ్‌వోడీ సార్ తీసుకెళ్లారు’ అంటే విద్యార్థి ఇక అడగడు. ‘స్టాక్ వెరిఫికేషన్ నడుస్తోంది’ అన్నది రెండు నెలల సరుకు. “పోయిన వారం గూడ గిదే జెప్పిన్రు గద సార్” అని ఎవరైనా నిలదీస్తే కోప్పడకండి. బాధపడండి. “నీకు ఒక్క పుస్తకమే బిడ్డా, నాకు పదెనిమిది వేలు” అనండి. అమ్మాయైతే సారీ చెప్పి వెళ్తుంది, అబ్బాయైతే గూగుల్ చేసుకుంటాడు.

7. సెస్సు రాలేదనండి.

ఇది శాఖా గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లకు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. వసూలు చేసేది పంచాయతీ, పురపాలిక. జమ కావలసింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. వసూలైన డబ్బు అక్కడి నుంచి ఇక్కడికి రావడంలో జరిగే ఆలస్యం అందరికీ తెలిసిందే. ఆ ఆలస్యమే మీ ఆస్తి. బల్బు మాడిపోతే సెస్సు రాలేదు. చీపురు అరిగిపోతే సెస్సు రాలేదు. పది గంటలకు వస్తే, “పెట్రోలు ఖర్చుకైనా సెస్సు రావద్దా?” అనండి. పెన్షనర్లు తలలూపుతారు, ఎందుకంటే పన్ను కట్టింది వాళ్లే.

సెస్సు నిజంగా వచ్చేసిన ఏడాది కంగారుపడకండి. బడ్జెట్ ఇంకా పాస్ కాలేదనండి. అదీ పాసైతే కలకత్తాలో రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ఉంది. 1972లో పెట్టారు, రాష్ట్రం తన వాటా వేస్తే కేంద్రం వైపు నుంచి తన వాటా కలిపి పుస్తకాలు ఇస్తుంది. ‘అటు వాటా కోసం ఇటు వాటా, ఇటు వాటా కోసం అటు వాటా చూస్తున్నయి’ అని చెప్పండి. కలకత్తాకు ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు నాదర్‌గుల్లో దొరకరు.

8. పోయిన పుస్తకాలకు ముందే చోటు చూసుకోండి.

అందరూ భయపడే చోటు ఇదే. భయపడనక్కర్లేదు, నియమం చదివితే చాలు. ఈ వృత్తిలో మీరు చదవాల్సింది ఇదొక్కటే, శ్రద్ధగా చదవండి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017లో 215వ నియమం. కేంద్ర సంస్థలకు రాసినదే అయినా చాలా లైబ్రరీలు కొలబద్దగా పట్టుకునేది దీన్నే.

అది చెప్పేదేమిటంటే, 20 వేల దాకా పుస్తకాలున్న లైబ్రరీలో ప్రతి ఏడాదీ అన్నిటినీ లెక్కపెట్టాలి. 20 వేలు దాటి 50 వేల దాకా ఉంటే మూడేళ్లకోసారి. 50 వేలు దాటితే మూడేళ్లకోసారి నమూనాగా కొన్ని చూస్తే చాలు. కష్టమంతా ఎవరికుందో గమనించారా? చిన్న లైబ్రరీకే. మీ దగ్గర 18,600 పుస్తకాలున్నాయనుకోండి. ఇంకొక్క 1,401 చేర్చండి, ఏటేటా లెక్కపెట్టే పీడ వదులుతుంది. ఎక్కడ తేవాలి? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది. పాత సిలబస్ గైడ్లు, కాలం చెల్లిన కంప్యూటర్ పుస్తకాలు, సప్లయర్లు ఊరికే వదిలి వెళ్లే స్పెసిమెన్ కాపీలు. అన్నిటికీ యాక్సెషన్ నంబరు వేసి ‘దాతల బహుమతి’ అని రాయండి. దాత పేరు ఛైర్మన్‌గారి నాన్నగారిది పెడితే రిజిస్టర్ మీద ఎవరూ చెయ్యి వేయరు.

రెండో భాగం ఇంకా తియ్యన. ఏడాదిలో పాఠకులకు ఇచ్చినవి, అక్కడే కూర్చుని చూసినవి కలిపి ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే అది మామూలు నష్టమే అంటుంది నియమం. లెక్క ఉన్న పుస్తకాల మీద కాదు, వాడిన పుస్తకాల మీద. ఏడాదికి 6,000 వాడకం చూపిస్తే 30 పుస్తకాలు పోవచ్చు. 40,000 చూపిస్తే 200 పోవచ్చు. కాబట్టి రోజూ సాయంత్రం వాడకం పట్టీలో ఒక సున్నా ఉదారంగా వేయండి. నిర్లక్ష్యం వల్లో మోసం వల్లో పోతే ఈ మినహాయింపు వర్తించదని కూడా ఆ నియమంలోనే ఉంది. అందుకే పోయిన పుస్తకాల పట్టికకు ముందు ‘పాఠకుల అమితమైన ఆసక్తి వలన’ అని రాయండి.

వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం పోయినా, అరుదైన పుస్తకం పోయినా విచారణ తప్పదు. వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ తాళం చెవి మీకే కనబడకుండా పారేయండి. అద్దంలోంచి అట్టలు కనబడుతుంటే చాలు, తనిఖీవాళ్లు అక్కడ నిలబడి ఫొటో దిగుతారు.

9. నో డ్యూస్ సంతకాన్ని దేవుడిచ్చిన వరమనుకోండి.

ఏడాది పొడుగునా మిమ్మల్ని పట్టించుకోనివాళ్లు మే నెలలో మీ గుమ్మం ముందు వరుస కడతారు. టీసీ కావాలంటే మీ సంతకం కావాలి. సంతకానికి సమయం మూడున్నర నుంచి నాలుగు. నాలుగేళ్లలో ఒక్క పుస్తకం కూడా తీసుకోని పిల్లవాణ్ని అందరికంటే ఎక్కువసేపు నిలబెట్టండి. “నేను అసలు కార్డే తీసుకోలే సార్.” “తీసుకోలేదనడానికి రుజువేంది?” ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఒక పుస్తకం కొనిచ్చి వెళ్తాడు. అది ఎనిమిదో చిట్కాలో చెప్పిన 1,401లో కలుస్తుంది. వరుసలో ఖాళీగా నిలబడ్డవాళ్లకు తలా యాభై బార్‌కోడ్లు ఇవ్వండి, అంటిస్తూ ఉంటారు. మీ ఏడాది పని రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుంది.

10. గేటు రిజిస్టరు నింపండి.

కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు లైబ్రరీకి రోజుకు ఎంతమంది వస్తున్నారో అడుగుతారు. మనుషులు రావడం కష్టం, సంతకాలు రావడం తేలిక. జిరాక్స్ మిషన్‌ను లైబ్రరీ గుమ్మంలో పెట్టించండి. హాల్‌టికెట్ కాపీకి వచ్చిన ప్రతివాడూ పాఠకుడే. చాలని రోజుల్లో మీరే నింపండి, కానీ ఒకే పెన్ను వాడకండి. నీలం, నలుపు, ఆకుపచ్చ. అటెండర్ అన్నను ఎడమ చేత్తో రాయమనండి. ఆదివారం తేదీ పడకుండా పక్కన క్యాలెండర్ పెట్టుకోండి, ఎక్కువమంది దొరికిపోయేది అక్కడే.

11. సాఫ్ట్‌వేర్ వేయించండి, పాస్‌వర్డ్ చెప్పకండి.

కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితం. మన హైదరాబాద్‌లోనే తయారైన న్యూజెన్‌లిబ్‌ను కూడా 2008లో అందరికీ ఉచితంగా తెరిచారు. ‘ఏది వేద్దాం’ అన్న చర్చ మూడేళ్లు నడపండి. వేశాక మొదటి ఐదు వందల పుస్తకాలు ఎక్కించి ఆపండి, ‘ఆటోమేషన్ పురోగతిలో ఉంది’ అని ప్రతి నివేదికలో రాయచ్చు. ఎవరైనా కంప్యూటర్లో చూడమంటే సర్వర్ డౌన్. రిజిస్టర్లో చూడమంటే అంతా కంప్యూటర్లోకి మార్చేశాం.

12. నవంబరులో వారం రోజులు కష్టపడండి.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏడాది మొత్తానికి మీరు పనిచేసేది ఈ వారమే, కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకోండి. ఫ్లెక్సీ మీద ఎన్నో వారోత్సవమో వేయించకండి, ఏటా అదే కట్టచ్చు.

ఉపన్యాసం మీరే ఇవ్వండి. పేర్లు, సంవత్సరాలు తడుముకోకుండా రావాలి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు ముందుండి నడిపిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ, అందుకే ఈ తేదీ. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, పాతూరి నాగభూషణం గారు. పాతూరి వారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలువ వెంట ఊరూరా తిరిగి చదివించారని చెప్పేటప్పుడు గొంతు కొంచెం వణకాలి. జనం చప్పట్లు కొడతారు.

మర్నాడు కాలనీ నుంచి ఒక పెద్దాయన వస్తాడు. “నిన్న మంచిగ జెప్పినవ్ బిడ్డా. మా గల్లీల ముసలోళ్లం నడువలేం. వారానికొక్కసారి ఓ పది పుస్తకాలు పంపరాదు?” అంటాడు. “మనకు కాలువ లేదు తాతా” అనండి. ఆయన వెళ్లాక తలుపు దగ్గరగా వేసుకోండి, ఉపన్యాసాలు విన్నవాళ్లు మరో రెండు రోజులు ఇలాగే వస్తుంటారు.

13. గ్రూప్స్ చదివే పిల్లల్ని పోషించండి.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చూడండి, పొద్దున్నే కుర్చీల కోసం పోటీ. వాళ్లు పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. కావలసింది కుర్చీ, ఫ్యాను, నీళ్లు. మన దగ్గరా అలాంటి పిల్లలు పదిహేనుమందిని కూర్చోబెట్టండి. హాలు నిండుగా ఉంటుంది, ర్యాకు మీద ఒక్క పుస్తకమూ కదలదు. ఏ పోస్టుకు ఎవరు ఎంపికైనా ఫొటో గోడకు తగిలించండి. వాళ్లలో ఒకడు రేపు డిప్యూటీ తహసీల్దారైతే మీ స్థలం సర్వే పని కూడా అవుతుంది.

14. సెలవులను సాగదీయండి.

శాఖా గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం. గురువారం సాయంత్రం మూసే ఏర్పాట్లు, శనివారం ఉదయం తెరిచే ఏర్పాట్లు. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ లడ్డూ వేలం ఉంటుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట ఇప్పుడు దేశమంతా చూస్తోంది, మనం చూడకపోతే ఎలా? ముందురోజు ‘ట్రాఫిక్ మళ్లింపు దృష్ట్యా’ అని బోర్డు పెట్టేయండి.

15. హాలును ఇతర పనులకు ఇచ్చేస్తూ ఉండండి.

మీ అసలైన ఎదుగుదల ఇక్కడ మొదలవుతుంది. పరీక్షలకు బెంచీలు వేయాలంటే రీడింగ్ హాలు ఇవ్వండి. ప్లేస్‌మెంట్ డ్రైవ్‌కు ఇవ్వండి. సెమినార్‌కు ఇవ్వండి. ప్రతిసారీ నాలుగు ర్యాకులు పక్క గదిలోకి జరుగుతాయి, తిరిగి రావు. ఐదారేళ్లలో పుస్తకాలన్నీ మెట్ల కింది గదిలోకి చేరి, హాలు విశాలంగా, తళతళలాడుతూ తయారవుతుంది. హాలు కావలసినవాళ్లంతా మిమ్మల్నే అడగాలి. చాయ్ వాళ్లే తెప్పిస్తారు. ఇంతకుముందు పుస్తకాలకు ఇన్‌ఛార్జి, ఇప్పుడు స్థలానికి ఇన్‌ఛార్జి. స్థలం విలువ నాదర్‌గుల్లో ఎంతో మీకు నేను చెప్పాలా? ఈ దశలో పాఠకులు పూర్తిగా మానేసి ఉంటారు, ఫిర్యాదుల పెట్టె కూడా ఖాళీగా ఉంటుంది. ‘గత మూడేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు’ అని వార్షిక నివేదికలో రాసి అవార్డుకు దరఖాస్తు పెట్టండి.

16. కింద పనిచేసేవాళ్లను జాగ్రత్తగా ఎంచుకోండి.

ఇంటర్వ్యూకు వచ్చినవాడు గదిలో అడుగుపెట్టగానే అట్టలు చూస్తూ, “ఈ నవల మొదటి ముద్రణా సార్?” అంటే పంపించేయండి. మంచివాడే, కానీ రెండేళ్లలో 894.827 అంటాడు. “ఫ్యాను స్విచ్చి ఎక్కడ సార్?” అన్నవాణ్ని తీసుకోండి.

17. రిటైరయ్యే రోజు ఛార్జి లిస్టు రాయకండి.

పుస్తకాల వారీగా అప్పగించమంటారు. “ఇరవై వేలు దాటినయి సార్, మూడేళ్లకోసారే లెక్క, మొన్ననే అయింది” అనండి. ఒక్క కాగితం మీద ‘ఉన్నవి ఉన్నట్టుగా అప్పగించడమైనది’ అని రాసి, కొత్తవాడి సంతకం పెట్టించి, ఒక కాపీ ఇంట్లో దాచుకోండి. సన్మానానికి శాలువా, ఫొటో ఫ్రేము వస్తాయి, తీసుకోండి. వారం పది రోజుల్లో ఏదో తనిఖీ తగులుతుంది. యాక్సెషన్ రిజిస్టర్ రెండో భాగం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఏ ర్యాకులో ఏముందో తెలియదు. సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ప్రిన్సిపాల్‌గారు స్వయంగా ఫోన్ చేసి, గౌరవ సలహాదారుగా రండి, నెలకు ఇంత ఇస్తాం అంటారు. వెంటనే ఒప్పుకోకండి. మోకాళ్ల నొప్పులని చెప్పి రెండుసార్లు అడిగించుకోండి, కారు పంపిస్తామనేదాకా.